శిక్షణ పేరిట వసూలైన సొమ్ము ఎవరిది?

రమజాన్ నెలవంక కనిపించక ముందే మన ఇళ్ళకు రసీదు పుస్తకాలు వచ్చేస్తాయి. ఒకప్పుడు వాటి మీద ఎక్కువగా మద్రసాల పేర్లు, అనాథ శరణాలయాల పేర్లు ఉండేవి. ఇప్పుడు వాటితోపాటు కుట్టు శిక్షణా కేంద్రం, కంప్యూటర్ కేంద్రం, ఏసీ మెకానిక్ శిక్షణ పేరిట కూడా జకాత్ అడుగుతున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. ఏటేటా అదే గడప ముందు చేయి చాచే దుస్థితి నుంచి పేదవాణ్ణి తప్పించాలన్న తపన దీని వెనుక ఉంది. అయితే డబ్బు తీసే ముందు ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు: “వీళ్ళకిస్తే మన జకాత్ చెల్లుతుందా?” దీన్ని కేవలం ఫత్వాకు సంబంధించిన సందేహంగా చూసి ఊరుకుంటాం. నిజానికి దాని లోపల మరో ప్రశ్న దాగి ఉంది. పేదవాడి పేరు చెప్పి సేకరించిన ధనం అతని చేతికి రాకుండానే అతని కోసం ఖర్చయిపోతే, ఆ ధనం ఎవరిదైనట్టు?

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉంది. అన్సార్లలో ఒక వ్యక్తి యాచించడానికి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చాడు. ఇంట్లో ఏముందని ఆయన అడిగితే, కొంత పరచుకుని కొంత కప్పుకునే ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక గిన్నె ఉన్నాయన్నాడు. ఆయన ఆ రెండూ తెప్పించి సహచరుల మధ్య వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. అంతకు మించి ఎవరిస్తారని ఆయన రెండు మూడుసార్లు అడిగారు. చివరికి రెండు దిర్హమ్‌లు వచ్చాయి. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి తిండి కొనిపెట్టమని, రెండో దానితో గొడ్డలి కొని తెమ్మని ఆ వ్యక్తికి చెప్పారు. తెచ్చిన గొడ్డలికి స్వహస్తాలతో కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజులదాకా తనకు కనిపించవద్దని అన్నారు. అతను తిరిగి వచ్చేసరికి పది దిర్హమ్‌లు సంపాదించాడు. వాటిలో కొంత బట్టలకు, కొంత తిండికి వాడుకున్నాడు.

మన ప్రసంగాలలో ఈ హదీసును యాచనను ఖండించడానికే ఎక్కువగా వినిపిస్తారు. అది సరే. అందులో డబ్బు నడిచిన తీరును మాత్రం మనం గమనించం. రెండు దిర్హమ్‌లు ఎలా వచ్చాయో, ఏది దేనికి ఖర్చయిందో అందరి ఎదుటా తేలిపోయింది. మొదటి దిర్హమ్ తిండికి పోయింది, ఎందుకంటే ఇంట్లో పిల్లలు పస్తుండగా ఎవడూ పని మీద మనసు పెట్టలేడు. గొడ్డలి అతని సొంతమయింది. పదిహేను రోజుల తరువాత ఫలితం ఏమిటో విచారణ కూడా జరిగింది. ఇన్ని జాగ్రత్తలు రెండు దిర్హమ్‌ల కోసం!

ఇప్పుడు ఫిఖ్హ్ మాటకు వద్దాం. తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్ ధనానికి ఎనిమిది పద్దులు నిర్ణయించబడ్డాయి. హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ చెల్లాలంటే ‘తమ్లీక్’ తప్పనిసరి. అంటే అర్హుడైన వ్యక్తిని ఆ ధనానికి యజమానిని చేయాలి. జకాత్ సొమ్ముతో మసీదు కట్టినా, వంతెన వేసినా, మృతునికి కఫన్ కొన్నా జకాత్ చెల్లదని ఫుకహాలు అందుకే రాశారు. అవన్నీ పుణ్యకార్యాలే. కాని అక్కడ యజమాని అయ్యే పేదవాడు లేడు. ఈ లెక్కన శిక్షణా కేంద్రం అద్దె, కేంద్రం ఆస్తిగా మిగిలిపోయే యంత్రాలు, బోధకుని జీతం ఎలా చెల్లుతాయన్నది న్యాయమైన సందేహమే.

మన కాలపు ధర్మవేత్తలలో కొందరు ఈ విషయాన్ని విశాలంగా చూసి అనుమతించారు. మరికొందరు ఒక మార్గం చూపుతారు: జకాత్‌ను ముందు విద్యార్థి చేతిలో పెట్టండి, అతనే ఫీజు చెల్లిస్తాడు. దీన్ని విన్నవారు కొందరు నవ్వుతారు. “ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకోవడమేగా, హీలా కాక మరేమిటి?” అంటారు. ఒక కాగితం మీద అతని సంతకం తీసుకుని, డబ్బు చూపించకుండానే జమ చేసుకుంటే అది నిజంగా హీలాయే. కాని డబ్బు నిజంగా చేతికొస్తే పరిస్థితి మారిపోతుంది. ఈ కేంద్రంలో సరిగా నేర్పకపోతే అతను వీధి చివర టైలర్ దగ్గర చేరగలడు. ఆరు నెలల కోర్సులో నాలుగు నెలలు బోధకుడే రాకపోతే గట్టిగా అడగగలడు. అప్పుడతను కేంద్రానికి వచ్చిన అభాగ్యుడు కాదు, ఫీజు కట్టిన మనిషి. తమ్లీక్ షరతు పేదవాడి గౌరవానికి కంచెలాంటిదని నాకు అనిపిస్తుంది.

ఈ కంచె లేనిచోట ఏమవుతుందో చూడడానికి మన సమాజానికి బయటి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదరీ 1902లో ఒక సేవాకార్యం ప్రారంభించాడు. సంపన్నుల ఇళ్ళ నుంచి పాత బట్టలు, సామాన్లు సేకరించి, వాటిని బాగుచేసే పని పేదలకు అప్పగించాడు. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ముతో వారికి కూలి ఇచ్చేవాడు. అదే నేటి ‘గుడ్‌విల్’ సంస్థ. ఆ దేశమంతటా దానికి దుకాణాలున్నాయి. వచ్చిన ఆదాయంతో వికలాంగులకు, చదువులేనివారికి, జైలు నుంచి విడుదలైనవారికి ఉద్యోగ శిక్షణ ఇస్తుంది. ఆలోచన ఎంతో మంచిది.

అయితే వికలాంగుల పనివేగాన్ని కొలిచి, దాని ప్రకారం కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడానికి 1938 నాటి కార్మిక చట్టం అక్కడ అనుమతిస్తుంది. పెన్సిల్వేనియాలోని గుడ్‌విల్ కార్మికులలో కొందరికి 2011లో గంటకు 22 సెంట్లు మాత్రమే ముట్టాయని 2013లో పత్రికల ద్వారా బయటపడింది. అప్పటి జాతీయ కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అన్ని శాఖలూ అలా చేయలేదు. చేసినవారు చట్టాన్ని మీరనూ లేదు. ఈ అవకాశం లేకపోతే వారికి అసలు పనే దొరకదన్నది వారి సమాధానం, దానిని పూర్తిగా కొట్టిపారేయలేం. అంతకు ముందే, 2005లో, ఓరెగాన్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం విచారణ జరిపిన మీదట పోర్ట్‌లాండ్ శాఖ తన ముఖ్యాధికారి వేతనాన్ని తగ్గించడానికి ఒప్పుకుంది. ఎవరి పేరు మీద సంస్థ నడుస్తోందో వారికి సెంట్లు, నడిపేవారికి భారీ వేతనం. చట్టం సమ్మతించినా, మనస్సు సమ్మతించని వ్యవహారం ఇది.

కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ దేశంలో పన్ను మినహాయింపు పొందే ఇలాంటి సంస్థ తన వార్షిక లెక్కలను, ముఖ్యాధికారుల జీతాలతో సహా, అడిగినవారికి చూపించాలి. కాబట్టే జనం ప్రశ్నించగలిగారు. మన మొహల్లాలో జకాత్ వసూలు చేసే కమిటీలలో, రమజాన్ వెళ్ళాక ఒక్క కాగితం ముక్క మీద జమా ఖర్చులు రాసి మసీదు గోడకు అంటించేవి ఎన్ని? “మేము అల్లాహ్‌కు జవాబు చెప్పుకుంటాం” అంటారు. అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవలసినవాడు మనుషులకు చెప్పడానికి భయపడడమెందుకు?

జకాత్ వసూలుకు నియమించబడిన ఒక వ్యక్తి తిరిగివచ్చి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అని వేరుచేసి చెప్పాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి, తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఇతనికి ఆ కానుక వచ్చేదా అని అందరి ముందూ నిలదీశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు ఇది.

దీన్ని పట్టుకుని, సంస్థల వారు జీతం తీసుకోవడమే పాపమని అనుకోరాదు. జకాత్ సేకరించి పంచేవారికి స్వయంగా ఖుర్ఆనే ఒక పద్దు కేటాయించింది. వారికి ఎనిమిదో వంతుకు మించరాదని షాఫయీ ధర్మవేత్తలు, పనికి తగినంత ఇవ్వవచ్చు గాని వసూలైన దానిలో సగానికి మించరాదని హనఫీ ధర్మవేత్తలు అన్నారు. ఒక్క పైసా ఖర్చు లేకుండా సంస్థ నడవాలని కోరే దాతలు కూడా ఒక రకంగా అన్యాయమే చేస్తున్నారు. పనిచేసేవాడికి జీతం ఇవ్వకపోతే, అతను దాన్ని మరోదారిన తీసుకోవడం మొదలుపెడతాడు. జీతం ఎంతో చెప్పి తీసుకోవడమే ఉత్తమం.

మరో సంగతి. శిక్షణే అన్నిటికీ మందు అన్నట్టు మాట్లాడుతున్నాం. హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ పని చేసేవారికి, లాడ్‌బజార్ లక్క గాజులు చేసేవారికి శిక్షణ కొరత ఉందా? వారి చేతిలోని పనితనం ఎవరు నేర్పగలరు? అయినా వారిలో ఎంతోమంది రోజంతా నడుము వంచి పనిచేసి, దళారి నిర్ణయించిన కూలికే తలవంచుతారు. ముస్లిం కార్మికులలో స్వయం ఉపాధి మీద ఆధారపడేవారు ఎక్కువని, స్త్రీలలో ఇంటి వద్దే పనిచేసేవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా చెప్పింది. ఇలాంటి వారికి సర్టిఫికెట్ కన్నా సొంత మగ్గం, ముడిసరుకుకు డబ్బు, దళారి లేకుండా అమ్ముకునే దారి ముఖ్యం. ఆ అన్సారీ సహచరునికి కూడా కట్టెలు కొట్టడం ఎవరూ నేర్పలేదు. గొడ్డలి లేదు, అది సమకూరింది. వృత్తి తెలిసినవాడికి పనిముట్ల వెల జకాత్ నుంచి ఇవ్వవచ్చని, అది తక్కువైనా ఎక్కువైనా సరేనని ఇమామ్ నవవి (రహ్మలై) ‘అల్ మజ్మూ’లో వివరించారు.

ఇక తరచుగా వినిపించే ఫిర్యాదు: “పోయిన సంవత్సరం కుట్టుమిషన్ ఇప్పిస్తే ఆమె అమ్ముకుతిన్నది, ఇక ఇవ్వం.” మిషన్ ఆమె చేతికి వచ్చిన రోజే అది ఆమె సొత్తయింది, ఇచ్చినవారి జకాత్ చెల్లిపోయింది. అమ్మే హక్కు ఆమెకుంది. ఎందుకమ్మిందో వెళ్ళి అడిగితే, భర్తకు జబ్బు చేసిందనో, మూడు నెలల అద్దె బాకీ పడిందనో, లేదా ఆ వీధిలో అప్పటికే పదిమంది కుట్టేవాళ్ళున్నారనో తెలుస్తుంది. మనం ఆమెకు రెండో దిర్హమ్ ఇచ్చాం, మొదటిది ఇవ్వలేదు. ఈసారి మిషన్‌తోపాటు రెండు మూడు నెలల ఇంటి సరుకులు కూడా ఇచ్చి చూడండి.