జుట్టు ఎవరి చేతిలో?

తెలుగులో ఒక మాటుంది. ఒక మనిషి ఇంకొకరికి పూర్తిగా లొంగి ఉంటే "వాడి జుట్టు ఆవిడ చేతిలో ఉంది" అంటాం. ఇంటి తాళాలు చేతిలో ఉన్నాయనో, బ్యాంకు పుస్తకం చేతిలో ఉందనో అనం. జుట్టనే అంటాం. ఈ మాట పుట్టించినవాళ్ళు ఊరికే పుట్టించలేదని ఈ రెండేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చింది. ఒక మనిషి తల మీద మొలిచిన జుట్టు మీద ఆ మనిషిని ప్రేమించేవాళ్ళకి ఎంత హక్కుంది? ఈ వ్యాసంలో నేను తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న ఇదే.

నలభై ఏడేళ్ళకే నా నెత్తి సగం ఖాళీ అయింది కాబట్టి జుట్టు గురించి రాసే అర్హత నాకు లేదని మా ఆవిడ అభిప్రాయం. ఆస్తి లేనివాడే ఆస్తి తగాదాలో మంచి మధ్యవర్తి అని నా సమాధానం.

తగాదా మాత్రం మా ఇంట్లోదే. మేముండేది అట్లాంటాకి ఉత్తరాన. మా తమ్ముడి ఇల్లు మాకు ఇరవై నిమిషాల దూరం. మా మరదలు ఆఫ్రికన్ అమెరికన్. వాళ్ళకి ఒక్కతే కూతురు, పదమూడేళ్ళది. నన్ను "పెదనాన్నా" అని చక్కగా పిలుస్తుంది. ముక్కూ కళ్ళూ మా నాన్నవి, జుట్టు తల్లిది. ఒక్కొక్క వెంట్రుకా పెన్నులో ఉండే స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. పదకొండో ఏట ఆ పిల్ల ఇంట్లో అందరికీ చెప్పేసింది: జుట్టుకి మందు పెట్టించుకోను, కాల్చిన దువ్వెనతో సాగదీయించుకోను, ఉన్నదాన్ని ఉన్నట్టుగానే నడుము దాకా పెంచుతాను, నాకు నాలుగేళ్ళు టైమివ్వండి అని.

వాళ్ళమ్మానాన్నా సరే అన్నారు. ఒప్పుకోనిది నానమ్మా అమ్మమ్మా. వియ్యపురాళ్ళిద్దరికీ మధ్య భాష లేదు, మతం వేరు, తిండి వేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎక్కడలేని ఐకమత్యం.

మా అమ్మ తెనాలి నుంచి ఏడాదికో ఆర్నెల్లు వచ్చి ఉంటుంది. "ఏరా, ఆ పిల్ల జుట్టు కిందటిసారి ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. అంగుళం కదల్లేదు. ఈసారి వచ్చినప్పుడు కొండకి తీసుకెళ్ళి గుండు చేయిద్దాం. మొక్కూ తీరుతుంది, నున్నటి జుట్టూ మొలుస్తుంది" అంటుంది. తమ్ముడి అత్తగారి బాధ వేరు. "మన జుట్టు పెరగదమ్మా. నా డెబ్బై ఏళ్ళలో నేను చూసింది చెప్తున్నాను. హైస్కూల్లో చేరేలోపు స్ట్రెయిట్ చేయించేసుకో, నీకే సుఖం" అంటారావిడ.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ కళ్ళారా చూసిందే చెప్తున్నారు. నాకు ఆసక్తి కలిగింది అక్కడే. కళ్ళారా చూసింది కూడా తప్పెలా అవుతుంది?

దీనికి జవాబు ఆ పిల్లే చెప్పింది. "పెరుగుతుంది పెదనాన్నా. పెరిగినంత వేగంగానూ విరుగుతుంది. అందుకని పెరగనట్టు కనిపిస్తుంది." మనిషి జుట్టు సుమారుగా నెలకి అర అంగుళం పెరుగుతుంది. ఆఫ్రికన్ సంతతి వాళ్ళ చుట్టల జుట్టు అంతకన్నా కాస్త నెమ్మది, కానీ ఆగదు. మాడు నుంచి పుట్టే సహజమైన నూనె తిన్నటి వెంట్రుక మీద జారినట్టు మెలికల మీద జారదు, అందుకని చివళ్ళు ఎండిపోతాయి. ప్రతి మెలికా విరగడానికి అనువైన చోటే. దువ్వెన పైనుంచి కిందకి లాగితే చిక్కుతో పాటు వెంట్రుకా తెగుతుంది. దానికి తోడు ఈ జుట్టు ముడుచుకుంటుంది. సాగదీస్తే వీపు మీదికొచ్చే వెంట్రుక, వదిలేస్తే చెవి దగ్గరికి ఎగిరిపోతుంది. అంటే పెరిగింది ఉన్నా కంటికి ఆనదు. చూసేవాళ్ళకి కనపడేది మొదలు కాదు, చివర.

కనుక ఆ పిల్ల చేసే పని జుట్టుని పెంచడం కాదు, ఉన్నదాన్ని కాపాడటం. వారానికోసారి తడిజుట్టుకి కండిషనర్ పట్టించి, పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో చివళ్ళ నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీస్తుంది. రెండేసి పాయలు మెలేసి పది రోజులు కదపకుండా ఉంచుతుంది. పాయ బిగించి లాగితే కుదుళ్ళే ఊడతాయి కాబట్టి వదులుగా అల్లుకుంటుంది. నూలు గలేబు తడిని పీల్చి వెంట్రుకని రాపిడి పెడుతుందని రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుని పడుకుంటుంది. మూడు నెలలకోసారి ఒక పాయని సాగదీసి టేపుతో కొలిచి నోట్‌బుక్కులో రాసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు సగం దీనికే సరి.

మా అమ్మకీ ఇందులో కొంత గెలుపుంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడుతుందని 2003లో ముంబై పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. ఆ సంగతి చెప్పినప్పట్నుంచీ తెనాలి సీసాకి తమ్ముడింట్లో గౌరవం పెరిగింది. గుండు సిద్ధాంతం మాత్రం నిలబడదు. వెంట్రుక ఏ ఆకారంలో రావాలో నిర్ణయించేది చర్మం లోపలున్న కుదురు. మంగలి కత్తి అంతదాకా వెళ్ళదు.

ఇక తమ్ముడి అత్తగారి మాట. ఆవిడది తెలియనితనం అనుకుంటే పొరపాటు. ఆవిడది జ్ఞాపకం. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాలో 1786లో నల్లజాతి స్త్రీలు జుట్టు కనపడకుండా గుడ్డ కట్టుకోవాలని గవర్నరు ఆజ్ఞ జారీ చేశాడు. అది పాత కథ అనుకుందామంటే, 2016లో మా అట్లాంటాలోనే ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టు ఒక తీర్పు చెప్పింది. జడలు కట్టిన జుట్టు కత్తిరించుకోనందుకు ఒక నల్లజాతి యువతికి ఇచ్చిన ఉద్యోగాన్ని వెనక్కి తీసుకోవడం చట్టవిరుద్ధం కాదంది. జాతి మారదు, జుట్టు తీరు మార్చుకోవచ్చు, చట్టం కాపాడేది మారనిదాన్నే అన్నది ఆ తీర్పు సారాంశం. 2019లో కాలిఫోర్నియా క్రౌన్ చట్టం చేసి సహజమైన జుట్టుకి రక్షణ ఇచ్చింది. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు మాత్రం 2022లో ప్రతినిధుల సభ దాటినా సెనేట్ దాటలేదు. ఇంత చూసిన మనిషి మనవరాలి జుట్టు చూసి భయపడితే ఆశ్చర్యమేముంది?

అయితే ఆవిడ సూచించే మందు సంగతీ చూడాలి. సోడియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారం వెంట్రుకలోని గంధకపు బంధాల్ని తెంచుతుంది. తెగిన బంధం మళ్ళీ అతకదు. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేలకి పైగా స్త్రీలని పదేళ్ళకి పైగా గమనించిన వివరాలు ప్రచురించారు. స్ట్రెయిటెనర్లు ఎన్నడూ వాడనివాళ్ళలో డెబ్బై ఏళ్ళలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమని, ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడేవాళ్ళలో 4.05 శాతమని అంచనా వేశారు. ఇది రెండిటికీ ఉన్న సంబంధమే కానీ, ఒకటి రెండోదానికి కారణమన్న ఋజువు కాదు. అయినా పదమూడేళ్ళ పిల్ల విషయంలో ఆలోచించాల్సిన అంకెలే.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. పదమూడేళ్ళ పిల్లకేం తెలుసు? పిల్లలకి టీకాలు వాళ్ళని అడిగి వేయిస్తామా? స్కూలు వాళ్ళని అడిగి మారుస్తామా? పెద్దవాళ్ళు నిర్ణయించక తప్పని విషయాలున్నప్పుడు జుట్టొక్కటే ప్రత్యేకమా?

నా వృత్తిలో ఒక నియమం ఉంది. నడుస్తున్న సిస్టమ్ మీద చెయ్యి వేసేముందు, తేడా వస్తే వెనక్కి ఎలా వెళ్తామో రాసి పెట్టుకోవాలి. అది లేకపోతే ముట్టుకోకూడదు. ఆగి చూసిన పిల్ల రేపు మనసు మార్చుకుంటే స్ట్రెయిట్ చేయించుకోవచ్చు. చేయించుకున్న పిల్ల మనసు మార్చుకుంటే ఆ జుట్టంతా కత్తిరించి మొదట్నుంచీ మొదలుపెట్టాలి. అనుమానం ఉన్నవాడు ఆగాలి కానీ తొందరపడకూడదు. మా పెద్దవాళ్ళ అనుమానమే పిల్ల పక్షాన సాక్ష్యం చెప్తోంది.

కానీ ఈ వాదన ఒక్కటీ సరిపోదు. ఈ నాలుగేళ్ళూ కూడా తిరిగి రావు కదా. స్కూల్లో ఎవరైనా ఎగతాళి చేస్తే ఆ రోజు చెరిగిపోదు. కాబట్టి రెండో ప్రశ్న వేసుకోవాలి. ఆ ఖర్చు భరించేది ఎవరు? ఆ పిల్లే. ఆదివారాలు పోయేది ఆ పిల్లవే, మాటలు పడేది ఆ పిల్లే. ప్రాణానికీ చదువుకీ ప్రమాదం లేనంతవరకూ ఖర్చు భరించేవాళ్ళదే నిర్ణయం. టీకాకీ జుట్టుకీ తేడా అదే.

ఈ తేడాని మనవాళ్ళు ఎప్పుడూ పాటించారని చెప్పలేను. జుట్టు కుటుంబానిదే అన్న నమ్మకం మనకి పాతదే. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డని అడగం. అది వేడుక, మళ్ళీ మొలుస్తుంది, అభ్యంతరం లేదు. కానీ భర్త పోయిన చిన్నపిల్లకి కుటుంబమే దగ్గరుండి తల గొరిగించిన రోజులు కూడా మనవే. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. వేడుక చేసిందీ, ఘోరం చేసిందీ ఒకే నమ్మకం. మధ్యలో తేడా అడగటంలోనే ఉంది. అడగకుండా తీసింది ఎంత పవిత్రమైన పేరు పెట్టినా దోపిడీయే. తిరుమలలో కళ్యాణకట్ట దగ్గర ఇచ్చే తలనీలాలకి విలువ వచ్చింది ఎవరిది వాళ్ళు ఇచ్చుకుంటారు కాబట్టే. నాది కానిది నేను దేవుడికి ఎలా ఇస్తాను?

తలనీలాల మాట వచ్చింది కాబట్టి ఒక చిత్రం చెప్పాలి. కొండ మీద పోగైన జుట్టుని దేవస్థానం వేలం వేస్తుంది. అందులో పొడవాటిది విగ్గులుగా, సవరాలుగా మారి సముద్రాలు దాటుతుంది. అలాంటి సవరాలు పెట్టుకునే ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల గురించి క్రిస్ రాక్ 2009లో 'గుడ్ హెయిర్' అని డాక్యుమెంటరీ తీశాడు. మా వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎరగని రోజుల్లోనే వాళ్ళిద్దరి లోకాలనీ జుట్టు కలిపింది. సవరం పెట్టుకోవడం తప్పని నేననను. మా అమ్మమ్మ పెళ్ళిళ్ళకి పెట్టుకునేది. "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అంటారు మనవాళ్ళు. ఆ సామెతలో కొప్పు పెట్టుకునేది ఆ అమ్మే, చుట్టుపక్కల వాళ్ళు కాదు.

మరి పెద్దవాళ్ళ పని ఏమిటి? నమ్మాలా? నమ్మకం బలవంతంగా వచ్చేది కాదు. మా అమ్మని రేపట్నుంచి నమ్మమంటే నమ్మలేదు. అనుమానం ఆవిడ హక్కు. "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే అనుమానం వేరు, దువ్వెన పట్టుకుని లాగే అనుమానం వేరు. రెండో రకం అనుమానం తన జోస్యాన్ని తనే నిజం చేసుకుంటుంది. పెరగదని లాగితే తెగుతుంది, తెగితే చూశావా పెరగలేదు అంటుంది.

ప్రస్తుతం ఆ జుట్టు సాగదీసి కొలిస్తే భుజాలు దాటి నాలుగు వేళ్ళు కిందకి వచ్చింది. నడుము దాకా వస్తుందా అంటే తెలియదు. ఒక్కో తలకి ఒక్కో హద్దుంటుంది. రాకపోతే పెద్దవాళ్ళు గెలిచినట్టా? కాదంటాను. నాలుగేళ్ళు ఇమ్మని అడిగే హక్కు, నాలుగేళ్ళ తర్వాత టేపులో వచ్చే అంకెని బట్టి పుట్టదు. గెలిస్తేనే హక్కున్నట్టయితే దాన్ని హక్కనరు, బహుమతి అంటారు.

తమ్ముడి అత్తగారు ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ భయం పోవాలంటే మారాల్సింది మనవరాలి జుట్టు కాదు, ఆఫీసులూ కోర్టులూ. మా అమ్మా ఒప్పుకోలేదు. కానీ ఈమధ్య నూనె సీసా పట్టుకుని వెళ్ళి, "రాయనా తల్లీ?" అని అడుగుతోంది. ఒక్కోసారి ఆ పిల్ల వద్దంటుంది. మా అమ్మ సీసా మూత పెట్టి, పక్కనే కూర్చుని, ఆ పాయలు ఎలా మెలేస్తోందో చూస్తూ ఉంటుంది.