అరటి బోదెల పడవ

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 1986లో 75.6 అడుగులు వచ్చిన వరదను పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. అలాంటి నది ఒడ్డున పెరిగే పిల్లలకు వేసవి శిబిరంలో పడవ కట్టడం తప్పక నేర్పాలి. అరటి బోదెలు, ఖాళీ నీళ్ల సీసాలు, కాస్త పురికొస చాలు. కట్టిన పడవను తొట్టిలో వదిలి, గులకరాళ్లు ఒక్కొక్కటే పేర్చమనండి. అన్నీ ఒకే పక్కన పెడితే ఒరిగిపోతుంది. నడుమకు సర్దితే నిలుస్తుంది. తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టగలిగితేనే పడవ తేలుతుందని అప్పుడు చెప్పండి, ఇట్టే పట్టుబడుతుంది. మునిగితే మళ్లీ వాళ్లనే కట్టనివ్వండి, మీరు చెయ్యి పెట్టకండి. పరీక్ష మాత్రం తొట్టిలోనే జరగాలి. పెద్దలు వెంట లేకుండా పిల్లల్ని గోదావరిలో దిగనివ్వకండి.