ఇసక బస్తాలు

మా వైపు తుపాను తేదీలు పెళ్లిరోజుల్లా గుర్తుంటాయి. 2013 అక్టోబరు 12న పైలిన్, సరిగ్గా ఏడాదికి అదే తేదీన హుద్‌హుద్, 2018లో ఒక్కరోజు ముందు తిత్లీ. నాకు మాత్రం పేరు లేని ముసుర్లే ఎక్కువ గుర్తు. పైలిన్‌కి ఉద్దానం కొబ్బరి పడిపోయిందని అందరూ చెబుతారు. ఆ నెలాఖరునే గాలి లేకుండా రోజుల తరబడి పడ్డ వాన, దానికి మునిగిన పల్లాలు ఎవరికి గుర్తు?

విజయనగరం జిల్లాలో మా ఊరి చెరువుకి గట్టు ఒకవైపే. రెండోవైపు గట్టుండదు, నేల మెల్లగా పైకి లేస్తుందంతే. అందుకే నీరు జానెడు లేస్తే గట్టు దగ్గర ఎవరికీ తెలీదు, పైన గర్భంలో మాత్రం ఎకరాలు ఎకరాలు పోతాయి. నా చిన్నప్పుడు మా పొలం గట్టు కింద ఉండేది. మా మావయ్య గర్భంలో చేసుకునేవాడు. వేసవికి నీళ్లు మిగలాలని ఆయకట్టు వాళ్లు అలుగు మీద ఇసక బస్తాలు పేర్చేవారు, ఏటా.

ఒక కార్తీకంలో ముసురు మూడోరోజు రాత్రి మావయ్య వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "బావా, బస్తాలు తియ్యించు. నా చేను మెడదాకా ఉంది" అన్నాడు. నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. మా వరి కోసేశాం, పనలు మళ్లలోనే ఉన్నాయి. బస్తాలు తీస్తే గెడ్డ పొంగి వాటి మీదికే వస్తుంది.

అమ్మ ఇద్దరికీ టీ పెట్టింది. ఒకరికి చెల్లెలు, ఒకరికి పెళ్లాం. ఆమె వంక ఇద్దరూ చూడలేదు.

వరద ప్రకృతి పని అంటారు. వాన ప్రకృతి పనే. నీరు ఎవరి మడిలో ఆగాలన్నది మాత్రం ఎక్కడో ఎవరో బస్తా పెట్టో తీసో తేల్చుతారు. సోంపేట బీల సంగతీ నాకు ఇలాగే కనిపిస్తుంది. వానాకాలం నీళ్లు నిలిచే ఆ పల్లంలో చేపలున్నాయి, అంచుల్లో వరి ఉంది. అందులో కట్టాలనుకున్న థర్మల్ కేంద్రం కాగితాల్లో అది పనికిరాని నేల అయింది. అక్కడ మెరక లేస్తే నీరు ఎటు పోతుందని ఊళ్లు అడిగాయి. అడ్డుకున్న ఊళ్ల మీద 2010 జులై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. బీల ఇంకా ఉంది. ఎవరి లెక్కలో నీటికి చోటుంటుందో ఎవరి లెక్కలో ఉండదో, అక్కడే ఉంది తగవంతా.

ఆ రాత్రి నాన్న, మావయ్య లాంతరు పట్టుకుని వెళ్లారు. ఎన్ని బస్తాలు తీశారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. మా పనలు సగం నానాయి, మావయ్య కంకులు సగం మొలకెత్తాయి. తారురోడ్డు మీద పక్కపక్కనే ఆరబోసుకున్నారు. కాకుల్ని తోలడానికి నన్ను కూర్చోబెట్టారు. రెండు కుప్పల మధ్య హద్దుగా ఎవరూ ఏమీ పెట్టలేదు. సాయంత్రానికి గాలికి గింజలు కలిసిపోతే, ఏది ఎవరిదని నన్నే అడిగారు.