నేల క్రింది నీటికి స్వామి ఎవరు?

వైష్ణవ సంప్రదాయమున భూదేవి శ్రీమన్నారాయణుని దేవేరి. ప్రాతఃకాలమున నేలపై పాదము మోపుటకు ముందు ఆమెను క్షమాపణ వేడుకొను ఆచారము నేటికిని అనేక గృహములలో కలదు. పాదస్పర్శకే మన్నింపు కోరు భక్తుడు, అదే భూమిని వందల అడుగుల లోతునకు తొలిచి నీరు తోడునపుడు ఏమని విన్నవించుకొనవలెను?

గోదావరి తీరమున ధర్మపురి నృసింహుని సేవించు కరీంనగర్ ప్రాంతపు రైతునకు ఇది వట్టి తర్కము కాదు. అచ్చట చాల చోట్ల నేల క్రింద కఠినశిల. పైనున్న శిథిలమైన రాతిపొరలోను, దాని అడుగు పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుచును. ఆ పగుళ్ళు పొలము గట్లను ఎరుగవు. ఒకరు లోతుగా బోరు వేసిన, పొరుగువాని బావి ఎండవచ్చును. అతడును అప్పు చేసి మరింత లోతునకు పోవును. ఇందు దోషి ఎవరు? 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము తన నేల క్రింది నీటిని తీసికొను హక్కును భూయజమానికి ఇచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన వాల్టా చట్టము ప్రజల త్రాగునీటి వనరుల చెంత బావులు త్రవ్వుటకు కట్టడి విధించినది. పొరుగువాని దుఃఖము పెక్కుమార్లు ఈ రెంటి నడుమ పడిపోవును.

పూర్వులు ధర్మాత్ములు, నేటివారు ఆశపోతులు అని కొందరు తేల్చివేయుదురు. అది న్యాయము కాదు. మోటబావి కాలమున ఎద్దులు అలసిన తోడుట ఆగెడిది. ఆ నిగ్రహము మనుష్యునిది కాదు, ఎద్దులది! మోటారునకు అలసట లేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమైన తరుణమున, కరెంటు రాగానే తమంత తామే మోటారును నడుపు ఆటోస్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చినది. పితరులకు రాని పరీక్ష ఇది.

రామానుజుల సిద్ధాంతమున జగత్తు భగవంతుని శరీరము, జీవుడు ఆయనకు శేషభూతుడు. అనగా పట్టా ఎవరి పేర నున్నను స్వామిత్వము ఈశ్వరునిదే. అట్లని తోడుటయే పాపమనరాదు. బిడ్డల ఆకలి తీర్చు పంటయు ఆయన సొత్తే కదా! తీసికొన్నవాడు తిరిగి ఇంకనిచ్చెనా అన్నదే ప్రశ్న.

నీటికే కాదు, మట్టికిని ఇదే ప్రశ్న. ఆదిలాబాదు నల్లరేగడి వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. తొలి వానలను ఆ నెఱ్ఱెలు త్రాగును. పిదప నేల ఉబ్బి అవి మూసికొనగా, జడివాన పైపైన పారి మట్టిని కోసికొనిపోవును. వాలునకు అడ్డముగా దున్ని, గట్టు నిలిపినచో ఆ పరుగు మందగించి నీరు ఇంకును. కాని క్రింది పొలము వాని మేలునకై పైవాడు శ్రమింపవలెను.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినపుడు, రైతులు తమ ఖర్చులతో ఆ ఒండ్రును ట్రాక్టర్లపై పొలములకు తోలుకొనిరి. ఏ మట్టి ఎవరి చేనినుండి కొట్టుకొని వచ్చినదో చెప్పగలవారు లేరు. ఎవరును అడుగను లేదు.