అన్‌లాక్ కొట్టే ముందు అడుగు అల్లుడా

అల్లుడా, జడ్చర్లల రిపేరు దుకాణం తెరిచినవని మీ అమ్మ చెప్పింది. మంచి పని చేసినవ్. నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ల ఇన్నేండ్లు ఇదే పని చేసినోన్ని కాబట్టి ఒక మాట చెప్త, చెవిన పెట్టు.

రేపో మాపో నీ బల్ల మీదికి ఒక ట్యాబ్ వస్తది. నల్లటి తెర మీద ‘ఫాస్ట్‌బూట్ మోడ్’ అని సన్నటి అక్షరాలుంటయి. తెచ్చినోళ్లు "సచ్చిపోయింది సార్" అంటరు. అది సచ్చిపోలే. ఆండ్రాయిడ్ లేవకముందే బూట్‌లోడర్ కాడ ఆగి, కంప్యూటర్ నుంచి వైరు మీద ఆర్డర్ వస్తదేమోనని చూస్తున్నది. పవర్ బటన్ పది పదిహేను సెకండ్లు ఒత్తిపట్టు. చాలామట్టుకు దానంతట అదే లేస్తది.

మళ్లమళ్ల అక్కడికే వస్తున్నదా? సాఫ్ట్‌వేర్ జోలికి పోకు, మొదలు వాల్యూమ్ తగ్గించే బటన్ చూడు. చాలా ట్యాబ్‌లల్ల అదీ, పవర్ బటనూ కలిపి ఒత్తితేనే ఈ మోడ్ వస్తది. పత్తి ఏరే కాలంల మన దిక్కు పీచు, దుమ్ము సందుల్లకు పోయి, చెమటకు తడిసి గడ్డకడ్తది. బటన్ లోపలికి పోయి అట్లనే కూసుంటది. బిగుతు కవర్ కూడా ఒత్తుతది. కవర్ తీసి, మెత్తటి బ్రష్‌తోని తుడిచి, బటన్ టక్కుమంటదా లేదా చూడు. గింత పనికి రిపేరు బిల్లు వెయ్యకు.

అట్ల కూడా కాకుంటే కంప్యూటర్‌కు పెట్టు. గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ ఉచితమే. ‘ఫాస్ట్‌బూట్ డివైసెస్’ కొడితే సీరియల్ నంబర్ కనపడాలె. కనపడకుంటే ఒట్టి చార్జింగ్ వైరన్నా పెట్టి ఉంటవు, విండోస్‌ల డ్రైవరన్నా ఉండదు. నంబర్ వస్తే ‘ఫాస్ట్‌బూట్ రీబూట్’ కొట్టి చూడు. శాంసంగ్ ట్యాబ్ వస్తే ఈ కమాండ్లు కొట్టుకుంట కూసోకు, దానికి డౌన్‌లోడ్ మోడ్ అని వేరే ఉంటది.

దానికీ లేవకుంటే ఫర్మ్‌వేర్ ఎక్కించాల్సి వస్తది. అప్పుడు మోడల్ నంబర్ చివరి అక్షరం దాకా చదువు. లెనోవో ట్యాబ్‌లు చాలా వాటికి చివర ఎఫ్ ఉంటే వైఫైది, ఎక్స్ ఉంటే సిమ్ది. ఒకదాని ఫైల్ ఇంకోదానికి ఎక్కిస్తే మంచిగున్నది కూడా పాడైతది.

ఇగ అసలు సంగతి. బూట్‌లోడర్ లాక్‌ల ఉంటే ఫర్మ్‌వేర్ ఎక్కించే ఫ్లాష్ ఆర్డర్ ఒప్పుకోదు. అన్‌లాక్ కొడితే లోపలున్న డేటా మొత్తం తుడిచిపెట్టుకపోతది. దొంగ చేతికి చిక్కినా ఫొటోలు, లెక్కలు వానికి దొరకొద్దని కావాలనే అట్ల పెట్టిన్రు. దానికి తోడు ఓఈఎం అన్‌లాకింగ్ ముందే డెవలపర్ ఆప్షన్లల్ల ఆన్ చేసి ఉండాలె, లేవని ట్యాబ్‌ల అది ఇప్పుడు చేద్దామన్నా కాదు. రికవరీ నుంచి రీసెట్ కొట్టినా డేటా పోవుడే. పైగా ఆండ్రాయిడ్ 5.1 నుంచి పాత గూగుల్ ఖాతా కూడా అడుగుతది. పాస్‌వర్డ్ యాదికి లేకుంటే బాగైన ట్యాబ్ కూడా పనికిరాదు.

పాలమూరోళ్ల సంగతి నీకు నేను చెప్పాల్నా? బొంబాయి, పుణె పనులకు పోయిన కొడుకు పంపిన ఫొటోలు ఊళ్లె తల్లి చూసుకునేది ఆ ట్యాబ్‌లనే. ఒకసారి తుడిస్తే ఏ కమాండూ తిరిగి తేలేదు. అందుకే చెయ్యి పెట్టకముందే "ఇండ్ల ఏమున్నయమ్మా? వేరే కాడ ఎక్కించుకున్నరా? గూగుల్ పాస్‌వర్డ్ యాదికున్నదా?" అని అడుగు. వ్యవసాయ శాఖ ఏఈవో సార్లు, బడి సార్లు సర్కారు ట్యాబ్ తెస్తే అన్‌లాక్ మాటే ఎత్తకు, వాళ్ల ఆఫీసుకే పంపు.

డేటా పోతదని చీటీ మీద రాసి, గిరాకీకి చదివి వినిపిచ్చి సంతకం తీసుకో. ఒప్పుకోకుంటే పైసా తీసుకోకుండ ట్యాబ్ తిరిగి ఇచ్చెయ్. ఈ ఒక్క పద్ధతి మాత్రం ఎప్పుడూ తప్పకు అల్లుడా.