టీనేజీ పిల్లలకు గురుకులం ఎంపిక

తెలుగునాట ప్రభుత్వ గురుకుల విద్యకు 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో పునాది పడింది. అప్పుడు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు ఆ తరవాత వచ్చాయి. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నాటిది.

నవోదయ, సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతితో పాటు తొమ్మిదో తరగతికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. నవోదయలో తొమ్మిదో తరగతి సీట్లు ఖాళీలను బట్టి ఉంటాయి. అక్కడ వసతి, భోజనం ఉచితం. సైనిక్ స్కూళ్లలో ఫీజు ఉంటుంది. ప్రతిభను, ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్పులూ దొరుకుతాయి.

బడిని ఎంచుకునేటప్పుడు ర్యాంకుల ప్రకటనలకన్నా రోజువారీ బతుకు ముఖ్యం. తాగునీరు, మరుగుదొడ్లు, వంటశాల శుభ్రంగా ఉన్నాయా? రాత్రిపూట వార్డెన్ అక్కడే ఉంటారా? జ్వరమొస్తే చూసేదెవరు? ఆటస్థలం ఉందా, ఆడే సమయం ఉందా? నిద్రకు ఎన్ని గంటలు? ఇంటికి ఫోను ఎప్పుడు చేయనిస్తారు? ఫిర్యాదు చేస్తే వినేదెవరు? వీటికి జవాబులు కరపత్రంలో దొరకవు. బడికి వెళ్లి చూడాలి, అక్కడ చదివే పిల్లలతో మాట్లాడాలి.

అన్నీ బాగున్నా, వెళ్లాల్సింది పిల్లలే. వాళ్ల ఇష్టం తెలుసుకున్నాకే దరఖాస్తు నింపడం మంచిది.