నిరర్థకత, నవ్వు, బాధ్యత

లోకానికి పరమార్థమంటూ ఏదీ లేదని తెలుసుకున్నవాడికి సాటిమనిషి పట్ల బాధ్యత ఉంటుందా, ఉండదా? వేదాంతులూ భౌతికవాదులూ చిరకాలంగా వాదించుకుంటున్న ఈ ప్రశ్ననే ఇప్పుడు మన విద్యార్థులు ఒక అమెరికన్ బొమ్మల సీరియల్ చూసి అడుగుతున్నారు. దాని పేరు ‘రిక్ అండ్ మార్టీ’. జస్టిన్ రాయిలాండ్, డాన్ హార్మన్ అనే ఇద్దరి సృష్టి. 2013 డిసెంబరులో అడల్ట్ స్విమ్ ఛానల్లో మొదలైంది. రిక్ ముసలి శాస్త్రజ్ఞుడు, తాగుబోతు. పద్నాలుగేళ్ళ మనవడు మార్టీని వెంటేసుకుని లెక్కలేనన్ని విశ్వాల్లో తిరుగుతుంటాడు. అతని దగ్గర ఒక తుపాకి ఉంది. గోడకేసి పేలిస్తే మరో విశ్వానికి దారి తెరుచుకుంటుంది. చావులు, చీదరలు, బూతులు, వాటి మధ్య పొట్టచెక్కలయ్యే సంభాషణలు - ఇదీ సరుకు.

మన మిత్రుల్లో కొందరు దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు: క్షీణిస్తున్న పెట్టుబడిదారీ సంస్కృతి కక్కిన నిరాశావాదమని. ఇది విమర్శ కాదు, రబ్బరుస్టాంపు. విశ్వం మనకోసం పుట్టలేదనీ, మన పుట్టుక వెనక ఎవరి సంకల్పమూ లేదనీ ఈ సీరియల్ చెబుతుంది. ఆ మాటకు భౌతికవాది ఉలిక్కిపడవలసిన అవసరమేమీ లేదు. జగత్తు మిథ్య అని బోధిస్తూ ఆ మిథ్యలోనే మాన్యాలు అనుభవించినవాళ్ళు మన దేశంలో కొల్లలు. చూడవలసింది ఆ మాటను కాదు, ఆ మాట పట్టుకుని ఎవరు ఎటు నడుస్తున్నారన్నది.

మొదటి సీజన్లో ఒక కథ ఉంది. తాత చేసిన వశీకరణ మందు వికటించి భూమ్మీద జనమంతా వికృతజంతువులైపోతారు. ఏ కొద్దిమందో మిగులుతారు. వాళ్ళలో మార్టీ తల్లీ, తండ్రీ, అక్కా ఉన్నారు. రిక్ ఆ లోకాన్ని బాగుచెయ్యడు. అచ్చం అలాంటిదే మరో విశ్వం వెతుకుతాడు. అక్కడి రిక్, మార్టీ ఆ కీడును తప్పించి, వెంటనే ఒక పేలుడులో చచ్చిపోయారు. వీళ్ళిద్దరూ వెళ్ళి తమ శవాలను తామే పెరట్లో పాతిపెట్టి, వాళ్ళ స్థానంలో కాపరం పెడతారు. తాత చీకూచింతా లేకుండా ఉంటాడు. మనవడు మాత్రం కొత్త ఇంట్లో, పాత మొహాల మధ్య, చూపు తప్పినవాడిలా తిరుగుతాడు.

అంతా నిరర్థకమన్న రిక్ తత్వం అతని మేధాశక్తి నుంచి పుట్టలేదు, ఆ తుపాకి నుంచి పుట్టింది. ఒక లోకం పాడైతే మరో లోకానికి పోగలవాడికి ఏ లోకమైనా విలువలేనిదే. కరువొచ్చిన ఊరు వదిలి పట్నంలో మేడ కొనుక్కోగల ఆసామికీ, ఆ ఊళ్ళోనే ఉండక తప్పని కూలికీ ఊరి అర్థం ఒకటి కాదు. పారిపోయే స్తోమతను రిక్ తత్వజ్ఞానంగా చలామణి చేస్తాడు. ఆ పాత లోకంలో మిగిలిపోయిన ముగ్గురికీ ఈ తత్వం అందుబాటులో లేదు. వాళ్ళు బతకటానికి రోజూ పోరాడాలి.

ఇదే అనుభవం నుంచి మార్టీ వేరే చోటికి చేరుకుంటాడు. కొద్ది రోజుల తర్వాత, తాను అమ్మానాన్నా కోరి కన్న బిడ్డను కాదని తెలిసి అక్క ఇల్లు విడిచిపోబోతుంది. మార్టీ ఆమెకు కిటికీలోంచి తన సమాధి చూపిస్తాడు. ఎవరూ ఏ ప్రయోజనం కోసమూ పుట్టలేదనీ, అందరూ చచ్చేవాళ్ళేననీ చెప్పి, వచ్చి తమతో టీవీ చూడమంటాడు. ఆమె ఆగిపోతుంది. తాతకు లోకాన్ని పారెయ్యటానికి పనికొచ్చిన సత్యమే మనవడికి ఒక మనిషిని ఆపటానికి పనికొచ్చింది.

రచయితలు ఇంతమాత్రం తెలియనివాళ్ళు కారు. రెండో సీజన్లో రిక్ కారు బ్యాటరీ సంగతి చూడండి. అందులో ఒక చిన్న విశ్వం ఉంటుంది. అక్కడి జనం కరెంటు తయారుచేస్తూ తమకోసమే చేసుకుంటున్నామనుకుంటారు. అందులో అధికభాగం రిక్ కారుకు పోతుంది. ఇది బానిసత్వం కదా అని మనవడు అడిగితే, కాదు, దీన్నే సమాజమంటారని తాత జవాబు. అదనపు విలువను గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పినా ఇంత చురుగ్గా చెప్పలేను. కథ ముగింపు ఇంకా చేదు. పనిచెయ్యని బ్యాటరీని రిక్ పారేస్తాడని గ్రహించిన ఆ లోకపు శాస్త్రజ్ఞుడు జనాన్ని మళ్ళీ పనికి పెడతాడు.

2017 సెప్టెంబరు 10న ప్రసారమైన మూడో సీజన్ ఏడో భాగం అంతకన్నా గొప్పది. అన్ని విశ్వాల రిక్కులూ మార్టీలూ కలిసి కట్టుకున్న ఒక నగరం కథ అది. అందరూ ఒకే మేధావికి ప్రతిరూపాలు, అయినా అందులో పోలీసులున్నారు, ఫ్యాక్టరీ కూలీలున్నారు, మురికివాడలున్నాయి. తెలివి వల్లనే అంతస్తులు ఏర్పడతాయన్న సిద్ధాంతానికి ఇంతకన్నా ఖండన ఏం కావాలి? బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఒక రిక్‌ను యంత్రానికి కట్టేసి, కూతురితో గడిపిన ఒక తీపి క్షణాన్ని అతనిచేత పదేపదే అనుభవింపజేస్తూ, ఆ ఆనందం నుంచి రుచి పిండి బిస్కెట్లు చేస్తుంటారు. ప్రమోషన్ దక్కని ఒక కార్మికుడు తిరగబడి, పై అధికారిని చంపి, ఆ బందీని అడ్డం పెట్టుకుంటాడు. గొడవలో బందీ చస్తాడు. చివరికి యజమాని స్వయంగా వచ్చి, కార్మికుడి బాధ అర్థమైందంటాడు, విడుదల చేస్తానంటాడు. కార్మికుడి మనసులో స్వేచ్ఛ వెల్లువెత్తిన ఆ క్షణంలోనే అతనికి మత్తు సూది పేల్చి అదే యంత్రానికి కట్టేస్తాడు. బజారులోకి కొత్త సరుకు వస్తుంది, స్వేచ్ఛ రుచిగల బిస్కెట్లు!

తిరుగుబాటును సైతం పెట్టుబడి సరుకుగా మార్చగలదని ఇంత స్పష్టంగా చూపిన సీరియల్‌కు తర్వాత ఏం జరిగింది? నెల తిరగకముందే, 2017 అక్టోబరు 7న, మెక్‌డొనాల్డ్స్ కంపెనీ ఒక పచ్చడి విడుదల చేసింది. 1998లో ‘ములాన్’ సినిమా ప్రచారానికి చేసిన సెచువాన్ సాస్ అది. మూడో సీజన్ మొదటి భాగంలో రిక్ దానికోసం వెర్రెత్తినట్టు మాట్లాడతాడు. ఒకే ఒక్క రోజు, కొన్ని దుకాణాల్లో, కాసిని పొట్లాలు. జనం బారులుతీరారు. సాస్ అయిపోయిందని చెప్పిన పాపానికి కౌంటరు వెనక గంటల లెక్కన జీతానికి నిలబడ్డవాళ్ళు తిట్లు తిన్నారు. కొన్నిచోట్ల పోలీసులు రావలసివచ్చింది. 2018 ఫిబ్రవరిలో కంపెనీ రెండు కోట్ల పొట్లాలతో మళ్ళీ వచ్చింది. అంతా నిరర్థకమని నమ్మిన భక్తులకు పచ్చడి ఒక్కటి అర్థవంతమైంది. ఫ్యాక్టరీ యజమాని పాత్ర రాసినవాళ్ళు ఇది చూసి నవ్వుకున్నారో ఏడ్చారో!

ఇదే భక్తుల్లో కొందరు అదే ఏడాది సీరియల్ రచయిత్రులను వేధించారు. కథలు ‘చెడిపోవటానికి’ ఆడవాళ్ళను రాయనివ్వటమే కారణమన్నారు. హార్మన్ వాళ్ళను బహిరంగంగానే ఛీకొట్టాడు. కాని ఆయన ఛీకొడితే తీరేది కాదది. రిక్ తెలివైనవాడు గనుక క్రూరుడైనా చెల్లుతుంది, ఆ హాస్యం తనకు అర్థమైంది గనుక తానూ తెలివైనవాడే, అంచేత... ఈ తర్కం చాలా సులువైంది. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని అందర్నీ వెక్కిరించే కుర్రవాడికి ఇంత చవకగా దొరికే కిరీటం మరొకటి లేదు. ఒంటరితనమూ, ఉద్యోగం దొరకదన్న భయమూ ఉన్నచోట ఈ కిరీటానికి గిరాకీ ఎక్కువ. ఆ కుర్రవాణ్ణి నేను తిట్టను. అతని దుఃఖం నిజమైనదే. కాని దుఃఖాన్ని హోదాగా ధరించటం మొదలుపెట్టాక అతనికి సాటివాడి దుఃఖం కనిపించటం మానేస్తుంది. సీరియల్‌కు మతంలాంటి ఆకర్షణ ఉందంటే అది ఇక్కడే ఉంది.

మరి తప్పు రచయితలదా, ప్రేక్షకులదా? ప్రేక్షకులు పాఠం తప్పుగా చదివారని చెప్పి రచయితలను విడిచిపెట్టటం నాకు సమ్మతం కాదు. రిక్ తప్పని ప్రతి కథా అంటుంది. కాని మంచి జోకులూ, పోరాటాల్లో గెలుపూ, ఆఖరుమాటా రిక్‌వే. నీతి ఒకడి పక్షాన, ఆనందం మరొకడి పక్షాన ఉంటే జనం ఆనందం వైపే పోతారు. మన అభ్యుదయ సాహిత్యంలోనూ, ఆ మాటకొస్తే, జమీందారు పాత్ర రక్తికట్టి రైతు పాత్ర ఉపన్యాసంలా తేలిపోయిన నవలలు లేకపోలేదు.

ఎమ్మీ బహుమతి పొందిన భాగంలో రిక్, కుటుంబంతో కలిసి మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళటం తప్పించుకోవటానికి, తనను తాను ఊరగాయ దోసకాయగా మార్చుకుంటాడు. ఎలకలను చంపి, సాయుధులను ఓడించి, చివరికి నెత్తురోడుతూ ఆ వైద్యురాలి ముందుకే వస్తాడు. ఆమెకు అతని సాహసాలు ఆనవు. తెలివిని అతను తన రోగానికి సాకుగా వాడుకుంటున్నాడంటుంది. బాగుపడటమంటే పళ్ళు తోముకోవటం లాంటి పని, అందులో ప్రమాదమూ లేదు, వీరత్వమూ లేదు, విసుగు మాత్రం ఉంది, చేసేవాళ్ళు చేస్తారు, మానేవాళ్ళు మానేస్తారు అంటుంది. సీరియల్ మొత్తంలో రిక్ బదులు చెప్పలేని మాట నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అయితే బజారులో బొమ్మలుగా, చొక్కాల మీద ముద్రలుగా అమ్ముడుపోయింది ఆ వైద్యురాలు కాదు, దోసకాయ. తిరుగుప్రయాణంలో పిల్లలిద్దరూ కారు వెనకసీట్లోంచి ఆవిడ తమకు నచ్చిందనీ, మళ్ళీ వెళదామనీ అంటారు. ముందుసీట్లో తండ్రీ కూతురూ తాగటానికి ఎక్కడికి వెళ్ళాలా అని మాట్లాడుకుంటుంటారు.